అమ్మ తెరిచిన కళ్ళు

ఈస్టర్ ఆరాధన అయ్యాక మా మనవరాలు అందరినీ చర్చి మెట్ల మీద నిలబెట్టి ఫోన్లో ఫోటో తీసింది. ఎండ సూటిగా మొహాన కొడుతుంటే నేను కళ్ళు మూసేశాను. "ఏం కాదు అమ్మమ్మా, ఒక్క నిమిషం ఉండు" అని అది తెర మీద ఎక్కడో వేలు ఆనించింది. ఫోటోలో నా కళ్ళు తెరుచుకున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాను. చూపు నాదే అనిపించింది, కాదనీ అనిపించింది.

"ఇవి ఎవరి కళ్ళే?" అన్నాను.

"నీవే. నీ వేరే ఫోటోల్లో నుంచి ఫోనే తెచ్చి పెడ్తది."

"నన్ను అడగకుండానే?"

అది నవ్వి ఇంకొకరికి చూపించడానికి పరుగెత్తింది. మధ్యాహ్నం అందరం కూర్చుని పండగ భోజనం చేస్తుంటే నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఏమైందని అడిగారు. ఎండ దెబ్బ అన్నాను.

మూసిన కళ్ళు తెరవడం మా అమ్మ పని. వేలు ఆనిస్తే అయిపోయే పని కాదది. ఒక్కో కంటికి ఒక్కో పూట పట్టేది. పైగా, అమ్మ తెరిచిన ఆ కళ్ళు ఎండకు మూసుకున్నవి కావు.

నాకు ఊహ తెలియక ముందే నాన్న పోయాడు. అమ్మ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో పెరిగింది. అక్కడ గుడ్డల మీద పూలు కుట్టడం, రంగులు వేయడం నేర్పారు. ఆ చేతివాటం చూసి అబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియో యజమాని ఆమెను ఫోటోలకు మెరుగులు దిద్దే టచింగ్ పనికి పెట్టుకున్నాడు. ఆయన పాత హైదరాబాదు మనిషి, మంచివాడు, తెల్లటి మీసాలు. మేం ఆయన్ని సార్ అనేవాళ్ళం.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మాది ఒకే ఒక్క గది, కిరాయిది. రైలు కదిలితే గూట్లో గిన్నెలు కూడా కదిలేవి. వేసవి సెలవుల్లో నన్ను ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక అమ్మ తనతో స్టూడియోకి తీసుకెళ్ళేది. పొద్దున్నే నడిచి వెళ్ళేవాళ్ళం. ఇరానీ హోటల్ ముందు నుంచి పోతుంటే మరిగి మరిగి చిక్కబడిన చాయ్ వాసన, కొత్తగా కాల్చిన బిస్కెట్ల వాసన. పెద్ద పోస్టాఫీసు గోడల మీద పావురాల గోల. నేను పావురాలను లెక్కపెట్టాలని నిలబడితే అమ్మ రెక్క పట్టుకుని లాగేది. "ఎల్తురు పోతది, నడువే" అనేది. పొద్దున పూట వెలుతురు పోవడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

స్టూడియోలో అడుగు పెట్టాక అర్థమైంది. కింద బట్టల దుకాణం, పైన స్టూడియో. చెక్కమెట్లు ఎక్కగానే పుల్లటి వాసన కొట్టేది. అది డార్క్‌రూంలోంచి వచ్చే మందుల వాసన. మూడు రోజులు తిరిగితే అది మన జుట్టుకు కూడా అంటుకుంటుంది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ. దాని కింద అమ్మ బల్ల. ఆ బల్ల ఏటవాలుగా ఉండేది, మధ్యలో గీకి మసకచేసిన అద్దం, అద్దం కింద వెలుతురును పైకి కొట్టే ఇంకో అద్దం. నెగెటివ్‌ను ఆ అద్దం మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో అమ్మ జనాల మొహాల మీద మచ్చలు తీసేసేది. ఫోటో కాగితం మీదైతే సన్నటి బ్రష్. బ్రష్ కొన పెదవుల మధ్య పెట్టి మొన చేసుకునేది. అందుకని సాయంత్రానికి ఆమె పెదవి మూల నల్లగా ఉండేది. నేను ఒకసారి అలాగే చేసి నాలుక నల్లగా చేసుకుని, కింద బట్టల దుకాణంలో కొనుగోలుకు వచ్చిన ఆడవాళ్ళకు చూపించి వచ్చాను. ఆ రోజు నాకు వీపు పగిలింది.

ఆ స్టూడియోలో నాకు నచ్చనివి నెగెటివ్‌లు. వాటిలో మనుషులకు నల్లటి మొహం, తెల్లటి జుట్టు, తెల్లటి కనుపాపలు. అందమైన పెళ్ళికూతురు కూడా ఆ అద్దం మీద పడుకుంటే వేరే లోకం నుంచి చూస్తున్నట్టు ఉండేది. ఆరడానికి తీగ మీద వేలాడదీసిన ఫోటోలైతే గది నిండా ఉండేవి. మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగాక, అమ్మ తల వంచుకుని పనిలో ఉంటే, ఆ మొహాలన్నీ నన్నే చూసేవి. ఒకనాడు భరించలేక కుర్చీ ఎక్కి వాటన్నింటినీ వెనక్కి తిప్పేశాను. సార్ భోజనం చేసి వచ్చి గదిలోకి అడుగు పెట్టి, తీగ నిండా వరుసగా తెల్లటి వీపులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎవలు చేసిన్రు గిట్ల?" అన్నాడు. నేనే అని చెప్పాక నవ్వాడు గానీ, ఆయన చెయ్యి గుండె మీద నుంచి వెంటనే దిగలేదు.

అంత పాతకాపు ఎందుకు అదిరిపడ్డాడో తర్వాత తెలిసింది.

కొన్ని రోజులు పొద్దున్నే ఎవరో వచ్చి మెట్ల కిందే నిలబడేవారు. పైకి రారు. కింద నుంచే "సార్ ఉన్నడా?" అని అడుగుతారు. ఆ మాట వినగానే సార్ ఇంకేమీ అడక్కుండా పెద్ద కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, నల్లగుడ్డ రిక్షాలో పెట్టించుకుని వెళ్ళేవాడు. తిరిగి వచ్చాక కుళాయి దగ్గర కాళ్ళు చేతులు కడుక్కుని, మొహం తడుపుకుని గానీ లోపలికి వచ్చేవాడు కాదు. అమ్మతో ఒకే మాట అనేవాడు. "నిద్రపోయినోళ్ళది ఉన్నదమ్మా."

అప్పట్లో చాలామంది బతికుండగా ఫోటో దిగేవారు కాదు. పోయిన రోజే మొదటి ఫోటో, చివరి ఫోటో. స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, మెడ వాలకుండా వెనక నుంచి గుడ్డతో కట్టి ఫోటో తీసేవారు. ఆ ఫోటోకి కళ్ళు తెరిపించి, గుడ్డ కనపడకుండా చేసి, బతికున్న మనిషిలా ఇవ్వాలి. అది అమ్మ వంతు. తీగ మీద ఆరే మొహాల్లో అలాంటివీ ఉండేవి.

పెళ్ళి ఫోటోలు అమ్మ ఇష్టంగా చేసేది. నిద్రపోయినవాళ్ళది వచ్చినప్పుడు మాత్రం చెయ్యి వణికేది. ఆ రోజుల్లో డబ్బా విప్పి అన్నం, పచ్చిపులుసు నాకు పెట్టేది గానీ తను తినేది కాదు. సబ్బుతో మోచేతుల దాకా తోముకునేది. మళ్ళీ తోముకునేది. ఒకసారి నేను వెనక నుంచి వెళ్ళి చూశాను. ఒక ముసలావిడ ఫోటో. రెప్పల మీద అమ్మ తెల్లరంగు అద్ది ఉంది, ఇంకా నల్లగుడ్డు పెట్టలేదు. ఆ తెల్లటి కళ్ళు చూసి నేను కేక పెట్టాను. అమ్మ కూడా కేక పెట్టింది. సార్ పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ కేకలేశాడు.

ఈ పని సంగతి చర్చిలో తెలిసిపోయింది. మా స్త్రీల సమాజానికి పెద్దగా ఉండే ఒకావిడ, అందరూ పెద్దమ్మ అనేవారు, ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మను వాకిట్లో నిలబెట్టి అడిగింది.

"చచ్చిపోయినోళ్ళ కండ్లు తెరుస్తవంట గద?"

"ఫోటోల పెద్దమ్మా. ఉత్త ఫోటోల."

"ఏ దాంట్ల అయితేంది? పోయినోళ్ళ కండ్లు తెరిచెటోడు ప్రభువొక్కడే. నువ్వెవరు నడుమ?"

చుట్టూ నలుగురు విన్నారు. ఇంటికొస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నొప్పి పుట్టేంత. ఆ సాయంత్రం మా పాస్టరయ్య దగ్గరకు వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి, ఈ పని పాపమా అయ్యగారూ అని అడిగింది. ఆయన చాలా ముసలివాడు, చెవి కాస్త మందం. రెండుసార్లు చెప్పించుకుని, "నేనొచ్చి చూస్త" అన్నాడు.

మరునాడు నిజంగానే వచ్చాడు. చెక్కమెట్లు ఒక్కొక్కటే ఎక్కి, ఆయాసం తీరేదాకా కూర్చుని, తర్వాత స్టూలు అమ్మ బల్ల పక్కకు జరుపుకున్నాడు. గంటసేపు అమ్మ పని చూశాడు. బల్ల మీద ఆ రోజు ఒక నడివయసు ఆవిడ ఫోటో ఉంది.

"ఎట్ల చేస్తవమ్మా ఈ పని?" అన్నాడు చివరికి.

"భయంతోటి చేస్త అయ్యగారూ. మొఖం దిక్కు సక్కగ చూడ. ఎంత జల్ది అయితే అంత జల్ది చేసి అవతల పెడ్త."

"ఈమె పేరేంది?"

"తెల్వదు. వెనక నంబర్ ఉంటది."

"అడగలేదా?"

"అడిగి ఏం చేస్త?"

అయ్యగారు ఆ ఫోటోను తన వైపు తిప్పుకుని, కళ్ళద్దాలు తీసి, మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. అమ్మ ఎన్నడూ అంత దగ్గరగా చూసి ఉండదు.

"పాపమో కాదో నేనిప్పుడు చెప్తే నువ్వు నా మాట మీద చేస్తవు, లేకుంటే నా మాట మీద మానుకుంటవు. అది నాకొద్దు. మొఖం తిప్పుకొని చేస్తే ఏ పనికైనా పానం ఉండదు బిడ్డా. అన్నం వండుడైనా అంతే, నేను వాక్యం చెప్పుడైనా అంతే. ముందుగాల పేరడుగు. పేరు పెట్టి వాళ్ళింటోళ్ళ కోసం ప్రార్థన చెయ్యి. ప్రభువు నీ ఎదురుంగ స్టూలేసుకొని కూసున్నడనుకొని చెయ్యి. అప్పుడు నీకే తెలుస్తది, చెయ్యాల్నా మానాల్నా."

అమ్మ తల ఊపింది గానీ, సాయంత్రం ఇంటికెళుతూ "రేపటి సంది పెండ్లి ఫోటోలే చేస్తనని సార్‌కు చెప్త" అంది నాతో. అయ్యగారి మాట కంటే పెద్దమ్మ మాటే ఆమెలో గట్టిగా దిగబడింది.

ఆ మాట సార్‌తో చెప్పేలోపే ఆవిడ వచ్చింది.

ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి, పసుపు టోకున అమ్మేవాళ్ళ కోడలు. ఆమె మెట్ల కింద ఆగలేదు, తిన్నగా పైకి వచ్చింది. ఆమె చీరలోంచి ఘాటు వాసన వచ్చి నేను తుమ్మాను. ఆమె ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. తిరిగిన మొహం అలాగే ఉండిపోయింది, నన్ను చూస్తూ. తర్వాత తెలిసింది, జ్వరం వచ్చి పోయిన వాళ్ళ పాపది నా ఈడేనని. సార్ వెళ్ళి తీసిన ఫోటో అప్పటికే ఆరిపోయి, అమ్మ పని కోసం తీగ మీద వేలాడుతోంది. పట్టు పరికిణీ, రెండు జడలు, జడల్లో పూలు, కుర్చీ చేతుల మీద బుద్ధిగా పెట్టిన చేతులు. కళ్ళు మాత్రం మూసుకుని ఉన్నాయి.

"కండ్లు తెరిసి ఇయ్యుండ్రి అమ్మా. మూసిన కండ్లతోని గోడకు పెట్టుకోలేను" అందామె.

అమ్మ ఏదో చెప్పబోయింది. పెళ్ళి ఫోటోలే చేస్తాననే అనుకుంటా. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది. "పాప పేరేందమ్మా?"

ఆమె చెప్పింది. అంతవరకు అదిమిపెట్టుకున్నదేదో ఆ పేరుతో పాటే వచ్చేసింది. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. అమ్మ మంచినీళ్ళిచ్చి ఆమె పక్కనే చాప మీద కూర్చుంది.

"పాప కండ్లెట్ల ఉంటుండె? జర చెప్పుండ్రి. చిన్నగనా, పెద్దగనా?"

ఆమె చెప్పడానికి నోరు తెరిచింది. చేత్తో గాలిలో ఏదో గీసింది. ఆగిపోయింది. ఆమె మొహంలోకి మెల్లగా ఒక భయం ఎక్కింది. అంత పెద్ద మనిషి మొహంలో అంత భయం నేనప్పటిదాకా చూడలేదు.

"యాదికొస్తలేదు" అంది. "పదకొండు దినాలే అయితున్నది. నడక యాదున్నది, గొంతు యాదున్నది. కండ్లు యాదికొస్తలేవు అమ్మా! నేను తల్లినేనా?"

మరునాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఉస్మాన్‌గంజ్ వెళ్ళింది, ఇంట్లో మిగతావాళ్ళను అడుగుదామని. కింద దుకాణం, ఎర్రటి బస్తాలు. గాలి పీలిస్తే ముక్కు మండింది. మేడ మీద ఇల్లు మాత్రం చల్లగా, చీకటిగా, చడీచప్పుడు లేకుండా ఉంది. తండ్రి తేనెరంగు కళ్ళన్నాడు. బాబాయి కాదు నల్లటివే అన్నాడు. నాయనమ్మ అచ్చం నా కండ్లే అంది. ఆవిడ కళ్ళకు పొర కమ్మి ఉంది.

వాళ్ళు మాట్లాడుతుండగా నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టింది. నా ముందు ఒక చిన్న స్టీలు పళ్ళెం పెట్టి పెరుగన్నం కలిపింది, పక్కన మామిడికాయ ముక్క. పళ్ళెం అంచున గోరుతో గీసినట్టు వంకర అక్షరాలతో ఒక పేరుంది. కూడబలుక్కుని చదివాను. ఆ పేరే.

"తిను బిడ్డా, ఇంత లేటుగ వస్తే ఎట్ల?" అంది నాయనమ్మ. ఆ పేరు పెట్టి పిలిచింది.

ఆమె చూస్తుండగా పళ్ళెం ఖాళీ చేశాను. పెరుగు తియ్యగా, కమ్మగా ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తిరిగి వచ్చాక అమ్మ నన్ను కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. "కదలకు. నన్నే చూడు" అంది. నా కళ్ళను చూసి ఆ పాప కళ్ళు వేయడం మొదలుపెట్టింది.

అమ్మ నా వైపు చూసేది, కాగితం వైపు చూసేది, మళ్ళీ నా వైపు. కానీ నన్ను చూస్తున్నట్టు ఉండేది కాదు. నాలోంచి ఏదో కొద్దికొద్దిగా తోడి అక్కడ పోస్తున్నట్టుండేది. మొదటి రోజు సాయంత్రానికి కుడి కన్ను అయింది. దిగి వెళ్ళి చూశాను. పాప ఒక కన్ను తెరిచి, ఒక కన్ను మూసుకుని ఉంది. దొంగనిద్ర పోతూ నన్ను కనిపెడుతున్నట్టు. ఆ కన్ను నాది. రోజూ అద్దంలో నేను చూసుకునేదే.

మరునాడు స్టూలు ఎక్కగానే కళ్ళు గట్టిగా మూసేసుకున్నాను.

"తెరువే" అంది అమ్మ.

"తెరువ. రెండోది గూడ దానికి పెట్టినంక నావి మూసుకపోతయ్."

కింద వీధిలో రిక్షాల గంటలు వినిపించాయి. అమ్మ తిడుతుందనుకున్నాను. స్టూలు జరిగిన చప్పుడైంది. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. చేతులు చల్లగా, రంగు అంటి జిగటగా ఉన్నాయి.

"నీవి నీకే ఉంటయ్ బిడ్డా. నేను చూసి గీస్తున్న, తీసుకుంటలేను. నాకు గూడ భయమైతుండె. ఇన్ని దినాలు పేరు తెల్వకనే భయపడ్డ. ఇప్పుడు పేరు తెలిసింది గద, ఇద్దరం కలిసి చెప్పుదామా?"

ఇద్దరం ఆ పేరు చెప్పాం. అమ్మ చిన్న ప్రార్థన చేసింది. వాళ్ళమ్మకు ఆదరణ ఇయ్యి ప్రభువా, నా చెయ్యిని నీ చేతిల పెట్టుకో అని. అంతే. నేను కళ్ళు తెరిచాను. అమ్మ పని మొదలుపెట్టింది. కాసేపటికి ఏదో సన్నగా వినిపించింది. అమ్మ కూనిరాగం తీస్తోంది, ఆదివారం పాడుకునే కీర్తన రాగం. స్టూడియోలో అమ్మ గొంతు అలా వినడం అదే మొదటిసారి. సార్ డార్క్‌రూం తలుపు ఓరగా తీసి, చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ వేసేశాడు.

రెండో కన్ను అయింది. గీసినదాన్ని మళ్ళీ ఫోటో తీసి తుది కాపీ చేసే ముందు ఒకసారి చూపిద్దామని ఉస్మాన్‌గంజ్ ఆవిడకు కబురు పంపారు. మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఫోటోను రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్ళింది. చూసింది. తల తిప్పి నన్ను చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

సార్ అమ్మకు కళ్ళతో సైగ చేశాడు, ఏమీ చెప్పొద్దని. అమ్మ చెప్పేసింది.

"అమ్మా, అవి నా బిడ్డ కండ్లు. ఎంత అడిగినా మీ పాపవి దొరకలే. మీకు అబద్ధం చెప్పి ఇయ్యలేను. వద్దంటే తుడిచేస్త, మూసినయే ఉంటయ్."

ఆవిడ ఫోటో విసిరికొడుతుందనుకుని నేను అమ్మ వెనక్కి చేరాను. ఆవిడ పెదవులు కదిలాయి.

"కావు" అంది మెల్లగా. "ఇవి కావు."

"ఔ అమ్మా, తెల్సు..."

"ఇవి కావు. దానివి గింత గుండ్రంగ లేకుండె. జర సన్నగ... నవ్వకున్నా నవ్వొచ్చినట్టు కొసకు మడత పడుతుండె. కుడి దానికన్న ఎడమది ఇంత చిన్నది. ఇగో ఇక్కడ, రెప్ప మీద పుట్టుమచ్చ ఉండె, ఆవగింజంత..." ఆవిడ చటుక్కున ఆగి అమ్మ భుజం పట్టుకుంది. "యాదికొస్తున్నయ్! అమ్మా, యాదికొస్తున్నయ్!"

అమ్మ అప్పటికే బల్ల దగ్గరకు చేరింది. తడిదూదితో నా కళ్ళను తుడిచేసింది. ఆవిడను పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టుకుంది. ఆవిడ చెబుతుంటే అమ్మ గీసింది. కాదు, ఇంకా కిందికి. ఔ. కాదు, చూపు జర పక్కకు, మాట విననప్పుడు చూస్తదే, గట్ల. ఔ, గట్లనే. కింద ఎవరో పెళ్ళివాళ్ళు వచ్చి ఎదురుచూస్తుంటే సార్ వాళ్ళకు చాయ్ తెప్పించి కూర్చోబెట్టాడు.

నేను అమ్మ మోచేతి పక్క నుంచి చూస్తున్నాను. నా చూపు ఆ కాగితం మీద నుంచి లేచిపోయింది. కాసేపు అక్కడ ఎవరూ లేరు. ఆ తర్వాత ఇంకెవరో వస్తున్నట్టు తెలిసింది. ఒక మూల, మరో మూల, ఒక మడత, ఆవగింజంత చుక్క. వెలుతురు తగ్గిపోతుండగా అమ్మ రెండు కనుపాపల్లోనూ రెండు తెల్లటి చుక్కలు పెట్టి బ్రష్ ఎత్తింది. పాప వచ్చేసింది. నేనెన్నడూ చూడని పాప, కాస్త పెంకిది, కుర్చీలోంచి చూస్తోంది. నా ఒళ్ళు జలదరించింది. కానీ ఆమె నన్ను చూడడం లేదు. పక్కన స్టూలు మీద కూర్చున్న వాళ్ళమ్మను చూస్తోంది.

ఆవిడ ఏడవలేదు. "వచ్చినవా" అంది, బడి నుంచి వచ్చిన పిల్లతో అన్నట్టు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ అమ్మ బజ్జీల బండి దగ్గర ఆగింది. తనకూ ఆకలేస్తోందంది. నిద్రపోయినవాళ్ళ పని చేసిన రోజున అమ్మ తినడం నేను చూడలేదు. వేడివేడి బజ్జీ నోట్లో పెట్టుకుని, ఊదుకుంటూ, చెయ్యి చాపి నాకు చూపించింది. "ఇయ్యాల వణకలే, చూసినవా?" అంది. నవ్వింది. పెదవి మూల నల్లటి రంగు అలాగే ఉంది.

పెళ్ళి ఫోటోలే చేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ప్రతి ఫోటో వెనక నంబరు కింద పెన్సిల్‌తో పేరు రాసుకునేది. ఎవరైనా చెప్పలేనంటే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేది. ఆ చాప మీద కూర్చుని ఎంతమంది ఏమేమి చెప్పుకున్నారో! హిందువులు, ముస్లిములు, మావాళ్ళు. కొందరు ఫోటో తీసుకెళ్ళాక కూడా ఊరికే వచ్చి కూర్చునేవారు. కొన్నేళ్ళకు మా పెద్దమ్మ కూడా ఆ మెట్లెక్కింది, వాళ్ళాయన ఫోటో పట్టుకుని. అమ్మ ఆమెకు స్టూలు వేసి, ఆయన చూపు ఎట్లుంటుండె పెద్దమ్మా అని అడిగింది. పాత మాట ఇద్దరూ ఎత్తలేదు.

తర్వాత రంగు ఫోటోలొచ్చాయి. అందరూ బతికుండగానే బోలెడు ఫోటోలు దిగసాగారు. మెట్ల కింద నిలబడి సార్‌ను అడిగేవాళ్ళు తగ్గిపోయారు. సార్ పోయాక స్టూడియో మూతపడింది. ఆ మేడ మీద ఇప్పుడు చెప్పుల దుకాణం ఉంది. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కుంటూ ఎప్పుడైనా తలెత్తి చూస్తాను. ఉత్తరం కిటికీకి అట్టపెట్టెలు అడ్డం పేర్చారు.

నేను నాంపల్లిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. పొద్దస్తమానం ఎవరివో కాగితాలకు నకళ్ళు కొట్టే పని. మొదట్లో నాకూ విసుగే. ఈ బతుకింతేనా అని ఏడ్చిన రోజులున్నాయి. ఒకనాడు ఒక ముసలాయన నేను కొట్టిన కాగితాన్ని గుమ్మం దగ్గర నిలబడి వేలితో ఒక్కొక్క అక్షరం తడుముతూ చదువుకోవడం చూశాను. చదివి, మడిచి, గుండెల దగ్గర జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నాకు ఆ కుర్చీ ఇరుకనిపించలేదు.

అమ్మకు చివరి ఏళ్ళలో చూపు బాగా మందగించింది. ఊరికే కూర్చోలేక మధ్యాహ్నం పూట వంటింటి గడపలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరేది, కళ్ళతో కాదు, వేళ్ళతో. నేను వద్దనేదాన్ని. దుకాణంలో ఏరిన బియ్యమే వస్తున్నాయి గదమ్మా, ఎందుకీ కష్టం అనేదాన్ని.

"కష్టమేందే, నాకు మంచిగనిపిస్తది" అనేది. "ఎవరి పంటి కింద రాయి పడొద్దు గద."

అమ్మ పోయాక కొన్ని నెలలు, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో, నేను ముందు గదిలో పడుకుని ఉంటే వంటింటి గడప వైపు నుంచి చేటలో బియ్యం జరిగే చప్పుడు వినిపించేది. సన్నగా, తీరిగ్గా, ఆగి ఆగి. మొదటిసారి ఒళ్ళు చల్లబడింది. లేవబోయాను. తర్వాత ఆగిపోయాను. పని చేసుకుంటున్న మనిషిని కదిలించడం ఎందుకని, అటు తిరిగి చూడకుండా, ఆ చప్పుడు వింటూ నిద్రపోయాను.